కాలు తగిలిన పుస్తకం

విశాఖలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మాయి హిమజ ఎలా ఉందో తనింట్లో కనిపెట్టుకుని ఉండే యంత్రపు గోడే రోజూ నాకు ఫోన్ చేసి చెబుతుంది. ఈ ఉదయం, "అమ్మాయి వంగి వంగి కళ్ళు ఒత్తుకుంటోందండీ, గంటలో ఆరుసార్లు. చూపు దెబ్బతిన్నట్టుంది. ఆసుపత్రికి పంపించమంటారా?" అంది.

చూపు పోతే ఆ పుస్తకాల పిచ్చిది ఎలా బతుకుతుంది? గోడను ఆగమని, అమ్మాయికి ఫోన్ చేశాను.

"కళ్ళకేమైందే?"

"ఏం కాలేదమ్మా! సెలవని పుస్తకాలన్నీ నేలమీద పరుచుకున్నా. తిరుగుతుంటే కాలు తగుల్తోంది. తగిలితే తీసి కళ్ళకద్దుకోవద్దూ? నువ్వు నేర్పిందేగా!"

నవ్వొచ్చింది. గోడతో అన్నాను: "ఆసుపత్రి వద్దు నాయనా. అది జబ్బు కాదు, భక్తి."

"తగ్గడానికి ఏం వాడాలండీ?"

"తగ్గక్కర్లేదు."