వేలి మందం

"పేషెంటు ఏరీ? మీ నానమ్మగారిని లోపలికి తీసుకురండి" అన్నాడు డాక్టరు, స్కాన్ ఫిల్మును వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తూ.

"పేషెంటుని నేనేనండీ" అంది నిచ్చెన.

అసలు పేరు వేరే ఉన్నా స్టూడియోలో అందరూ ఆమెని నిచ్చెన అనే పిలుస్తారు. అంత పొడుగు మనిషి. పాతికేళ్లు కూడా నిండలేదు. డాక్టరు ఫిల్మునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"వెన్నులో రెండు పూసలు నొక్కుకుపోయాయమ్మా. ఇలాంటివి ముసలివాళ్లలో చూస్తుంటాం. ఎక్కడైనా పడ్డావా?"

"లేదండీ. బస్సులో వెనక సీట్లో కూర్చుంటే స్పీడు బ్రేకరు దగ్గర ఎగిరి కూలబడ్డాను. అది కూడా పడటమేనా?"

"ఒక్కోసారి అదే చాలు. ఏం పని చేస్తావు?"

"సినిమాలకి కెమెరా. ఇన్నాళ్లూ అసిస్టెంటుని. సోమవారం నుంచి నేనే భుజానికెత్తుకుంటున్నాను, మొదటిసారి."

"కుదరదు. మూడు నెలలు నడుముకి బెల్టు. బరువు ముట్టుకోకూడదు. పూస ఇంకాస్త కుంగితే నరం మీద పడుతుంది, కాళ్లు చచ్చుబడతాయి."

ఆమెకి ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. ఆ రోజు స్కాన్ గది బయట తను తప్ప అన్నీ నెరిసిన తలలే.

"ఫిల్ములు తారుమారయ్యాయేమోనండీ?"

"అవ్వవని నేననను. మళ్లీ తీయించుకో. కాకపోతే వచ్చే గురువారం దాకా మిషను ఖాళీ లేదు." డాక్టరుకీ కుతూహలం పుట్టినట్టుంది. "ఈ మధ్య ఎత్తేమైనా తగ్గావా? పూసలు కుంగితే మనిషీ ఆ మేరకి తగ్గుతాడు. ఇదివరకు ఎంతుండేదానివి?"

ఎంతో ఆమెకి తెలీదు. గీత ఎక్కడుందో మాత్రం తెలుసు.

"చెప్పులు బయటే విప్పవే, కొత్త టైల్స్ మరకలైపోతాయి" అంది అమ్మ, ఆమె ఇంటి గుమ్మంలో కనబడగానే.

ఆమె చెప్పులు విప్పేసి తిన్నగా వెళ్లి పడగ్గది ద్వారబంధానికి వీపానించి నిలబడింది. "నాన్నా, నన్నొకసారి కొలువు."

నాన్న డ్రాయింగు మాస్టారు. ఆ ద్వారబంధం మీద మూడు గీతలుంటాయి. ఆమె పద్దెనిమిదో పుట్టినరోజున ఆమెనీ, అమ్మనీ, తననీ వరసగా కొలిచి పెన్సిలుతో గీశాడు. ఇంక ఈ ఇంట్లో ఎవరూ పెరగరు, ఇదే ఫైనల్ అని ప్రకటించి మరీ గీశాడు. పక్కన అంకెలు వెయ్యమంటే, గీతుండగా అంకెలెందుకన్నాడు.

సంగతి విని అమ్మ ముఖం పాలిపోయింది. "గీత కంటే తగ్గితే?"

"తగ్గితే బెల్టు పెట్టుకుని బుద్ధిగా పడుకుంటా. తగ్గకపోతే ఆ ఫిల్ము నాది కాదు. సోమవారం వెళ్తా."

"ఒక గీతని పట్టుకుని అంత మాటా?"

"నాన్న గీసిన గీతమ్మా."

"నిజమే. మీ నాన్న గీసిన గీత నేనెప్పుడైనా దాటానా?" అంది అమ్మ, నవ్వబోయి నవ్వలేక.

నాన్న చెక్క మూలమట్టం తెచ్చాడు. "మడమలు ఎత్తకు. మెడ సాగదీయకు." మూలమట్టం ఆమె తల మీద ఆనించాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అచ్చంగా గీత మీదే ఉన్నావు. వెంట్రుకవాసి తేడా లేదు."

అమ్మ ఏడ్చేసింది. "నా తల్లే. ఎవరో ముసలాయన నీ ఫిల్ము చూసుకుని గంతులేస్తుంటాడు, పాపం."

నిచ్చెనకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే తన సీనియర్ కెమెరామన్‌కి ఫోను కలిపింది. అది మోగుతుండగా నాన్నకి హుషారొచ్చింది.

"నన్నూ కొలవవే. ఈ వయసుకి ఎంత అరిగిపోయానో చూద్దాం."

అమ్మ స్టూలెక్కి మూలమట్టం పెట్టింది. "ఏవండీ, మీరు పెరిగారు."

"పోవే."

"ఒట్టండీ. గీత మీ తలకి కిందుంది. వేలి మందం."

"నీకు పట్టుకోవడం రాదు. దిగు, నువ్వు నిలబడు." నాన్న కొలిచి పకపకా నవ్వాడు. "గీత దాటనన్నావు, దాటేశావుగా. నువ్వూ వేలి మందమే."

నిచ్చెన కూడా నవ్వబోయి ఆగిపోయింది. మూడు గీతలూ ఒకే రోజు గీసినవి. ఈ వయసులో అమ్మా నాన్నా పెరగడమేమిటి, అదీ సరిగ్గా ఒకే కొలతలో?

"చెప్పవే నిచ్చెనా, సోమవారం వస్తున్నావుగా?" అంటున్నాడు ఫోన్లో సీనియర్.

ఆమె చూపు గీతల మీంచి మెల్లగా ద్వారబంధం అడుగుకి దిగింది. అక్కడ నాన్న వేసిన ఎర్రరంగు పట్టీ సగమే కనబడుతోంది.

మొన్న ఎండాకాలం తను షూటింగుల మీద తిరుగుతుంటే, పాత గచ్చు తవ్వకుండా దాని మీదే వేయించేసిన ఆ కొత్త టైల్స్ ఇంట్లో అందరినీ వేలి మందం పైకెత్తాయి, తననొక్కదాన్ని తప్ప.