తిరిగే తెర

"ఆ డబ్బా ఇంకా ఉందా గిరన్నా?" కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడిగాడు అభినయ్.

గిరిబాబు తన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కలకత్తా దగ్గరి రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలోని ఆ రైల్వే క్వార్టర్‌లో అభినయ్ అడుగుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. అప్పుడతను హిజ్లీ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారం వచ్చిందంటే గిరిబాబు తల్లి చిట్టెమ్మ చేసే చేపల పులుసు కోసం సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు బెంగళూరులో పెద్ద ఉద్యోగం. రేపు క్యాంపస్‌లో పాత విద్యార్థుల సభ. మొదటి ప్రసంగం అతనిదే.

"దేని గురించి సెప్తావు నాయనా?" అడిగింది చిట్టెమ్మ.

"మనింట్లో కంప్యూటర్ గురించేనమ్మా."

గిరిబాబు తల్లి వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

ఇందు టీ తెచ్చింది. గిరిబాబు చెల్లెలు. కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. కప్పు అందించి నవ్వింది.

"నన్ను గుర్తుపట్టావా ఇందూ?"

తలూపి, అన్న కుర్చీ వెనక నిలబడింది.

"ఇప్పటి కంప్యూటర్లలో ఏముందన్నా, అన్నీ చప్పగా ఉంటాయి," అభినయ్ మొదలుపెట్టాడు. "ఆ రోజుల్లో విండోస్ బదులు వాడే ఉబుంటు సీడీ అడిగితే చాలు, పోస్టులో ఊరికే పంపేవాళ్లు. ఎంత సోకులుండేవి దానికి. విండో పట్టుకుని లాగితే జెల్లీలా ఊగేది. మూస్తే మంటల్లో కాలిపోయినట్టు పోయేది. తెర మొత్తం చదరపు పెట్టెలా గిర్రున తిరిగేది. హాస్టల్లో అందరం దాని పిచ్చిలోనే ఉండేవాళ్లం."

"నాకూ గుర్తున్నాది," అన్నాడు గిరిబాబు.

"మీరంతా చుట్టాలింటికని కలకత్తా వెళ్లారు. పది రోజులు. తాళం పక్కింటి రిచర్డ్ అంకుల్ దగ్గర తీసుకున్నాను. ఇందు ఎప్పుడు చూసినా తలుపేసుకుని ఆ వైరస్‌ల విండోస్ ముందే కూర్చునేది కదా, వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామనుకున్నా. సీడీ పెడితే, మొత్తం హార్డ్ డిస్కు వాడుకోమంటారా అని అడిగింది. అవునని నొక్కాను. గ్రాఫిక్స్ కార్డుని దారికి తేవడానికి మూడు రోజులు పట్టింది."

అభినయ్ ఆ జ్ఞాపకంలోనే ఉన్నాడు.

"మీరొచ్చాక, మెడకి చున్నీ చుట్టుకున్న ఇందుని కూర్చోబెట్టి తెర తిప్పి చూపించాను. తనకి నోట మాట రాలేదు. కళ్లలో నీళ్లు. ఈ సంగతి ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. జనం చప్పట్లు కొడతారు."

చిట్టెమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఆ మర్నాడే కదన్నా, ఉద్యోగమని రైలెక్కేశాను. మళ్లీ రావడం పడలేదు. రేపు ఇందు కూడా రావాలి. స్టేజీ మీద ఓ రెండు మాటలు చెబితే చాలు."

"అది రాదు."

"ఎందుకని?"

గిరిబాబు టీ కప్పు కింద పెట్టాడు. "అభినయ్ బాబూ, నీకో సంగతి సెప్పాల. ఎప్పుడో సెప్పవలసింది. ఆ యేడు మేం కలకత్తా ఎళ్లినాం కదా..."

ఇందు చెయ్యి అతని భుజం మీద పడింది. వేళ్లు గట్టిగా నొక్కాయి. గిరిబాబు తలెత్తి చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆఁ, వెళ్తే?" అడిగాడు అభినయ్.

"ఏటీ నేదు. టీ తాగు, సల్లారిపోతంది."

"సరే, మనిషి రాకపోతే పోనీ. ఆ డబ్బా అయినా ఇవ్వన్నా, సభలో పెడతాను."

"డబ్బా ఇచ్చీసినాను. డిస్కొక్కటే ఉన్నాది."

"అది చాలు. క్యాంపస్‌లో అద్దాల బీరువాలో పెట్టిస్తాను, నీ పేరు రాసి."

"ఇవ్వను."

ఆ గొంతులో కరుకుదనానికి అభినయ్ ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత నవ్వేశాడు. "నాకంటే నీకే ఎక్కువుందన్నా దాని మీద ప్రేమ."

ఆటో హారన్ మోగింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు. "ఒకప్పుడు వాగుడు ఆపేదానివి కాదు ఇందూ. ఇప్పుడు మరీ పెద్దమనిషివైపోయావు."

ఇందు నవ్వుతూ రెండు చేతులూ జోడించింది.

ఆటో మలుపు తిరిగింది. ఇందు ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. గిరిబాబు బీరువా తెరిచి, తువ్వాల్లో చుట్టిన డిస్కు బయటికి తీశాడు. ఊళ్లో ఖరిదా బజారు నుంచి కలకత్తా దాకా అతను దాన్ని పట్టుకుని తిరగని దుకాణం లేదు. చెరిగిపోయినవి ఇక తిరిగి రావని అందరూ ఒకే మాట చెప్పి తిప్పి పంపారు.

"సెప్పీవలసింది రా," అంది చిట్టెమ్మ వెనక నుంచి.

"అది ఒద్దంది కదమ్మా. ఆ రోజూ ఒద్దంది, ఈ రోజూ ఒద్దంది."

ఆ వేసవిలో కలకత్తా డాక్టర్లు క్యాన్సర్ ఆపరేషన్‌లో తన గొంతు తీసేస్తారని తెలిసి, ఇందు మూడు నెలల పాటు తలుపేసుకుని పాడి దాచుకున్న పాటలన్నీ ఆ డిస్కులోనే ఉండేవి.