డేగక్కతో పోటీ

కొత్త మెషీను ల్యాబులో దిగిన రోజే అందరికీ అర్థమైపోయింది, డేగక్క ఉద్యోగానికి ఎసరొచ్చిందని.

ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడ మలపరీక్షలు చేసేది ఆవిడే. కడగని కూరలూ, ఉడికీ ఉడకని మాంసమూ తిన్నవాళ్ల కడుపులో చేరే పురుగుల గుడ్లని మైక్రోస్కోపులో ఇట్టే పట్టేసేది. అందుకే ఆ పేరు. ఊళ్లో ఆవిడ రిపోర్టు మీద పురుగుల మాత్ర మింగని మనిషి లేడు.

ఇంకా మూడేళ్ల సర్వీసుంది. కూతురి నర్సింగు చదువు సగంలో ఉంది.

"ఊరికే తీసెయ్యడం బాగోదు. ఇద్దరికీ పోటీ పెడదాం," అన్నాడు డైరెక్టరు. "యాభై సీసాలు. ఉన్న గుడ్డుని ఉందని ఎవరు ఎక్కువసార్లు చెబితే వాళ్లే గెలిచినట్టు. సెన్సిటివిటీ అంటే అంతేగా!"

యాభై సీసాల్లోనూ తనే గుడ్లు కలిపాడు. కొన్నిట్లో దండిగా, కొన్నిట్లో ఒకటో అరో. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పోటీ రోజు కూతురు డేగక్కని స్కూటరు మీద తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లింది. కంపెనీ ఇంజినీరు టై సర్దుకుని మీట నొక్కాడు. మెషీను గుర్రుమంది.

జూనియరు స్లైడు పెట్టాడు. డేగక్క గొట్టానికి కన్ను ఆనించింది.

"ఉంది."

మరో స్లైడు.

"ఉంది."

ఇంకోటి.

"ఇదీ ఉంది. రాసుకో నాన్నా."

ఇరవై దాటేసరికి జూనియరుకి చెమటలు పట్టాయి. "అక్కా, కాస్త నిదానంగా చూడండి. మరీ అన్నిట్లోనూ ఉంటాయా?"

"నువ్వు రాస్తావా, నన్ను రాసుకోమంటావా?"

రాశాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. మెషీను ముప్పై ఒకటి పట్టింది. డేగక్క యాభైకి యాభై!

ఇంజినీరు ముఖం మాడిపోయింది. తెచ్చిన పెట్టెలోనే మెషీనుని సర్దుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. డైరెక్టరు డేగక్క రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రిటైరయ్యేదాకా ఈ కుర్చీ మీదేనమ్మా. ఎవడొస్తాడో చూస్తాను!"

సాయంత్రం కూతురు గేటు దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉంది.

"ఏమైందమ్మా?"

"నెగ్గానే."

"నెగ్గావా? ఎలా?"

"ఈసారి నిజంగానే అన్నిట్లోనూ ఉన్నాయటే," అంది డేగక్క, రెండేళ్లుగా తెల్లటి మసక తప్ప మరేమీ కనబడని కళ్లు తుడుచుకుంటూ.