చెంబు నీళ్లు

“ఆడనే నిలబడుమ్మే. గేటు దాటొద్దు.”

తల్లి వెంకటలక్ష్మమ్మ కేక విని శ్రీవాసవి వరండాలోకి వచ్చింది.

గేటు బయట నలభై ఐదేళ్లావిడ. నూలు చీర, రబ్బరు చెప్పులు, కాళ్లనిండా దుమ్ము. గేటు పక్క అరుగు మీద గుడ్డసంచి దించింది. సంచినిండా ఖాళీ సీసాలు.

“మీ బోరు నీళ్లు ఒక సీసా కావాలమ్మా, పరీక్ష చేసేదానికి. నా పేరు విశ్వాసమ్మ.”

పేరు వినగానే వెంకటలక్ష్మమ్మ మొహం ముడుచుకుంది. ఆ పేరున్నవాళ్లు ఏ పేట నుంచి వస్తారో పత్తికొండలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

“ఉండు, చెంబుతో తెస్తా. సీసా కిందికి పట్టు, పైనుంచి పోస్తా.”

“చెంబు నీళ్లు పనికిరావమ్మా. చెంబు తోమిన చింతపండు పులుపు కూడా పరీక్షలో కలిసిపోతాది. సీసాను ఆ నీళ్లతోనే మూడుమార్లు తొలిచి, కొళాయి కిందనే పట్టాల.”

“మా కొళాయి నువ్వు ముట్టుకుంటావా?”

“నేను లోపలికి రానులేమ్మా. మీ పాప పట్టిస్తే చాలు.”

“నీ సీసా మా పాప ముట్టుకోవాల్నా? బాగుండాదే!”

విశ్వాసమ్మకు కోపం రాలేదు. శ్రీవాసవి వైపు తిరిగింది.

“నువ్వు కెమిస్ట్రీ చదివినావు కదా పాపా. నువ్వన్నా చెప్పు మీ అమ్మకు.”

శ్రీవాసవి చేతిలో డిగ్రీ ప్రాక్టికల్స్ రికార్డు ఉంది. మూడేళ్లు లాబ్‌లో అలా సీసాలు తొలిచిన పిల్లే. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజమని తెలుసు.

కానీ ఆ రోజు బుధవారం.

తిరుపతిలో సీటు వచ్చి నెలయింది. కెమిస్ట్రీ, పర్యావరణ ఇంజనీరింగు కలిసిన కోర్సు. కిరాణా కొట్టు నడిపే నాన్న రామకోటయ్యకు అది మింగుడు పడలేదు. “నీళ్లు శుభ్రం చేసేదానికి చదువెందుకు పాపా? బీఈడీ చేసుకో, ఈడనే టీచరువవుతావు” అన్నాడు. కూతురు ఏడ్చి ఏడ్చి అన్నం మానేస్తే ఒక మెట్టు దిగాడు. “ఆ చదువు చదివి బాగుపడినోళ్లను మన పక్క ఒక్కరిని చూపీ. వాళ్ల నోటితో వింటా. బుధవారం దాకా చూస్తా.”

తెలిసినవాళ్లనందరినీ, కాలేజీలో సార్లను కూడా అడిగింది. ఒక్కరూ దొరకలేదు. ఇక అమ్మే నాన్నను ఒప్పించాలి. ఈ పూట అమ్మకు ఎదురు చెబితే ఆ సీటు పోయినట్టే.

“నాకు తెల్దు” అంది శ్రీవాసవి, రికార్డును చున్నీ చాటుకు జరుపుకుంటూ.

విశ్వాసమ్మ ఆ పిల్లను కాసేపు చూసింది.

“సరేలే పాపా” అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

బిందె నీళ్లకు వీధంతా కొట్లాడే ఊరది. అయినా వెంకటలక్ష్మమ్మ ఆ సంచి ఆనిన చోట చెంబెడు నీళ్లు కుమ్మరించింది. శ్రీవాసవి రికార్డు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ కూడా బీఈడీయే మేలంది. సీటు పోయింది.

శుక్రవారం టీసీ కోసం కాలేజీకి వెళ్తే కెమిస్ట్రీ సారు శేషన్న ఎదురయ్యాడు.

“తిరుపతికి ఎప్పుడు పోతాండావమ్మా?”

“పోవడంల్యా సార్. బీఈడీలో చేరతాండా.”

ఆయన మొహం వాడిపోయింది. “అయితే ఆమె చెప్పింది నిజమే. బుధవారం మీ ఇంటికి సీసాల సంచితో ఒకామె వచ్చింది కదా?”

“వచ్చింది సార్.”

“యాడికి పోయినా ముందు ఆ ఇంటి నీళ్లు పట్టుకునేది ఆమెకు అలవాటు. పోయిన పని ఎట్లయిందని ఫోన్ చేసినా. ‘ఆ పాపకే ఇష్టం లేనట్టుండాది సార్, బలవంతం చేయొద్దు’ అనింది. ఇంకేమీ చెప్పలే.”

శ్రీవాసవి తలెత్తలేకపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆవిడ ఎవరో అడగకుండానే చెప్పాడు సారు.

“కెమిస్ట్రీ చదివి, పర్యావరణ ఇంజనీరింగులో డాక్టరేటు చేసి, ఈ పొద్దు మూడు జిల్లాల తాగునీళ్లు చూస్తాండే ఇంజనీరమ్మా ఆమె, మీ నాయనను ఒప్పించేదానికి నేను రమ్మంటే, ఒక దినం సెలవు పెట్టుకుని నీకోసమే వచ్చింది.”