వెనక్కి తిరిగిన పిట్ట

“చెయ్యి తియ్యండి పెద్దమ్మా, అద్దం మీద మరకలు పడతాయి.”

మ్యూజియంలో కొత్తగా చేరిన లిహియా ఈ మాట అప్పటికే ఒకసారి చెప్పింది. నికొలాసా చెయ్యి తియ్యలేదు. అద్దాల పెట్టెలో వేలాడుతున్న ఎర్ర విపీల్ రవిక మీది నుంచి చూపూ మరల్చలేదు.

“ఎల్వియా, ఇటు రావే. నీ కళ్ళు కుర్రవి. ఆ కింది వరసలో పిట్టలు ఎటు చూస్తున్నాయో చెప్పు.”

కూతురు వంగి చూసింది. “అన్నీ కుడివైపే... ఆగు, ఒకటి మాత్రం వెనక్కి తిరిగుందమ్మా.”

నికొలాసా ఉన్నచోటే చతికిలబడింది. “మా కాందేది,” అంది. “మా చెల్లెలిదే ఇది.”

కాందెలారియా పేరు ఆ ఇంట్లో తలవని రోజు లేదు. నడుముకు మగ్గం కట్టుకుని కూర్చుందంటే తన రవికలో ఒక్క పిట్టనైనా వెనక్కి తిప్పకుండా ఉండేది కాదు. తల్లి నెత్తిన మొట్టికాయ వేస్తే, “అన్నీ ముందుకే చూస్తే వెనకొచ్చేవాళ్ళని ఎవరు కనిపెట్టుకుంటారే అమ్మా?” అని ఎదురడిగేది. తర్వాత సైన్యం వచ్చింది, ఊరు తగలబడింది. తల్లిని వీపున వేసుకుని నికొలాసా లోయలోకి, కాందే మొక్కజొన్న చేలోకి పరుగెత్తారు. ఆ తర్వాత ఆమె జాడే లేదు. తల్లి ఆ పిల్ల కోసం కలవరిస్తూనే పోయింది.

“తొందరపడకమ్మా,” అంది ఎల్వియా. “రంగులు చూడు, నిన్ననే మగ్గం దింపినట్టున్నాయి.”

“ఎండా వానా తగలకుండా అద్దంలో దాస్తే రంగెందుకు పోతుందే? ఆ పక్కన ఏదో రాసుందిగా, చదువు.”

“ఊరి పేరు ఒక్కటే ఉంది. షెత్సునా అని, మీ ఊరే.”

“చూశావా! ఊరు బూడిదయ్యాక అక్కడ ఎవరు మగ్గం కట్టారు? ఇప్పుడక్కడ ఎవడిదో కాఫీ తోట. ఇది ఆ రోజుల్లోదే. పైగా అమ్మకానికి నేసేవాటిలో అది పిట్టని తిప్పేదే కాదు, తన ఒంటికి వేసుకునేదాంట్లోనే తిప్పేది. బతికున్న ఆడది ఒంటిమీది విపీల్ విప్పి అమ్ముకుంటుందా? నువ్వైతే అమ్ముతావా?”

ఎల్వియా తన ఒంటిమీది విపీల్ అంచు చూసుకుంది. అమ్మే సంగతి దేవుడెరుగు, తన విపీల్‌ని ఆమె తోడికోడలికి కూడా ఎరువివ్వదు.

నికొలాసా లేచి లిహియా రెండు చేతులూ పట్టుకుంది. “ఇది నాకు ఇప్పించు తల్లీ. చిన్న పెట్టెలో పెట్టి మా అమ్మ పక్కనే పాతిపెట్టుకుంటాను. చచ్చినోళ్ళ పండగనాడు ఊరంతా సమాధుల దగ్గర పూలు పరిచి, పొద్దుపోయేదాకా కూర్చుని తమవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటారు. నా చెల్లెలికి కొవ్వొత్తి ఎక్కడ పెట్టను? కూర్చోడానికి ఒక మట్టిదిబ్బన్నా లేదు నాకు.”

“ఇది మ్యూజియం వస్తువు పెద్దమ్మా, నా చేతుల్లో ఏముంది?”

“వస్తువా?” ఎల్వియాకి ఒళ్ళు మండింది. “చచ్చినోళ్ళ ఒంటిమీది గుడ్డలు తెచ్చి తగిలించి, చూడ్డానికి టికెట్టు పెడతారా? సిగ్గు లేదూ మీకు?”

“నన్నంటే ఏం లాభమండీ? నేనొచ్చి నెల కూడా కాలేదు. ఏది ఎక్కడిదో రెబెకా మేడమ్‌కే తెలుసు.” లిహియా పక్కకి వెళ్ళి ఫోన్ చేసింది. బస్సు హోరులో అవతలి మాట సగమే వినబడింది. “దారిలో ఉన్నారట. ఈలోగా తీసి చూపించమన్నారు,” అంటూ తాళం తెచ్చింది.

రవిక ఒళ్ళోకి రాగానే నికొలాసా ముందు దాన్ని తిరగేసింది. భుజాలు, వీపు, చంకలు వేళ్ళతో తడిమింది. తూటా దిగిన చోటు కోసం వెతుకుతోందని కూతురికి అర్థమైంది.

“ఒక్క చిరుగు లేదు,” అంది నికొలాసా. “మరకా లేదు. గొంతు నులిమేసుంటారు. శుభ్రంగా ఉతికి మరీ అమ్ముకున్నారు వెధవలు.”

అప్పుడు ఏడ్చింది. తల్లి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. “నీ మీద కోపంగా ఉండేదే కాందే,” అని ఆ గుడ్డతో చెప్పింది. “బతికుంటే ఒక్కసారి రాకపోతుందా, అక్కని మర్చిపోయిందా అని తిట్టుకునేదాన్ని. ఇంక తిట్టన్లే. ఇంక ఎదురు కూడా చూడను.”

ముక్కు చీదుకుని కూతురి వైపు తిరిగింది. “మీ ఆయనకి చెప్పు. అమ్మమ్మ పక్కన గొయ్యి తవ్వమను.”

ఎల్వియా ఫోన్ చెవికి ఆనించింది. అవతల మొగుడు, “ఎవరికే? ఎవరు పోయారు?” అని కంగారుగా అడిగాడు.

ఇంతలో సంచీ భుజాన వేసుకుని రెబెకా మేడమ్ వచ్చింది. పెట్టె తెరిచి ఉండటం, రవికను గుండెలకు హత్తుకుని ముసలామె కింద కూర్చుని ఉండటం చూసింది. లాక్కుంటుందేమోనని ఎల్వియా తల్లికి అడ్డంగా నిలబడింది. లిహియా ఏదో చెప్పబోయింది. రెబెకా చేత్తో వారించి, ముసలామె ముందు వంగి, ఆ బట్ట అంచును మెల్లగా సవరించింది.

“అంత నచ్చిందా అమ్మా? దీన్ని నేసినావిడ గురువారం ఇంకోటి తెస్తానంది.”