పన్నెండు పేర్లు

"మిషను ఆపమన్నదెవరు?" ప్రెస్‌లోకి అడుగు పెడుతూనే అరిచాడు ప్రొఫెసర్.

"ఇంకెవరు, మా పంతులమ్మే," అన్నాడు ఓనరు తల పట్టుకుని. ప్రూఫులు దిద్దే ఆవిడకి ప్రెస్‌లో అందరూ పెట్టిన పేరది. ఎవరి తప్పునీ వదిలిపెట్టదు మరి, ఆఖరికి ఓనరు రాసిన సెలవు నోటీసులో కూడా.

పంతులమ్మ కుర్చీలోంచి లేవలేదు. పుస్తకం చివరి పేజీలు ముందుకు తోసింది. "సార్, ట్రాన్స్‌జెండర్ల జీవితాల మీద రాశారు. లోపల అందరి పేర్లూ మార్చారు, బాగుంది. కానీ ఏ పేరు ఏ పేజీలో ఉందో చెప్పే ఈ పట్టిక మాత్రం పాత ప్రతి నుంచి చేశారు. పన్నెండు మంది అసలు పేర్లూ, ఉండే వీధీ ఇక్కడ బట్టబయలుగా ఉన్నాయి."

ప్రొఫెసర్ ముఖం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "ఉండనీ అమ్మా! రేపే పుస్తకం విడుదల. ఇన్నేళ్ళూ వీళ్ళు అసలు లేనట్టే చరిత్ర రాశారు. ఇప్పుడైనా నలుగురికీ కనపడాలి."

"కనపడితే ఏమవుతుందో తెలుసా సార్? ఇందులో ఒకామె నర్సు, ఒకతను బడిలో లెక్కల మాస్టారు. వారం తిరక్కుండా ఇంటివాళ్ళు సామాన్లు వీధిలో పడేస్తారు. ఉద్యోగాలూ ఊడతాయి. అడక్కుండా ఒక్క పేరు కూడా వెయ్యడానికి వీల్లేదు."

"ఎవరి గొడవో నీకెందుకే తల్లీ!" అన్నాడు ఓనరు. "లక్షణమైన ఉద్యోగం చేతులారా పోగొట్టుకోకు."

"పోతే పోనీ బాబాయ్. నేను దిద్దిన పుస్తకం ఎవరి కొంపా ముంచకూడదు." ఎర్ర పెన్నుతో పన్నెండు పేర్ల మీదా గీతలు కొట్టేసింది.

ప్రొఫెసర్ కుర్చీలో కూలబడ్డాడు. తప్పు తనదేనని అతనికీ తెలుసు. "సరే, కొట్టెయ్. కానీ ఒక్క నిజం పేరైనా లేకపోతే, మా స్టూడెంట్లు కాళ్ళరిగేలా తిరిగి రాసుకొచ్చిందంతా నేను గదిలో కూర్చుని అల్లానంటారు జనం. అలాంటివాళ్ళు మన మధ్య ఎక్కడున్నారని నవ్వుతారు. వాళ్ళకేం చెప్పను?"

పంతులమ్మకి ఒళ్ళు మండింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. కొట్టేసిన ఒక పేరు కింద వరసగా చుక్కలు పెట్టింది. కొట్టేసినదాని కింద చుక్కలుంటే, కొట్టెయ్యొద్దు, అలాగే ఉంచమని ప్రెస్‌లో లెక్క.

ప్రొఫెసర్ చటుక్కున పట్టేశాడు. "అడక్కుండా ఒక్కటీ వెయ్యకూడదన్నావుగా! మరి ఈ పేరు ఎవర్నడిగి ఉంచావు?"

పంతులమ్మ లేచి, ప్రూఫు ఓనరు చేతిలో పెట్టింది.

"నన్నే అడిగాను సార్. ఆ పేరు నాదే."