నుదురు కనిపించే కారు

షోరూమ్‌లో రఘువీర్ చేస్తున్న పని చూసి సేల్స్‌మన్ గోపాల్‌కి నవ్వాగలేదు.

భార్య సుధని డ్రైవర్ సీట్లో కూర్చోబెడతాడు. తను వెళ్లి కారు ముందు గొంతుక్కూర్చుంటాడు. ఆవిడ తల అడ్డంగా ఊపగానే లేచి పక్క కారు దగ్గరికి నడుస్తాడు. ఎడిసన్ ఊళ్లో పదేళ్లుగా కార్లమ్ముతున్నా ఇలాంటి బేరం గోపాల్ చూడలేదు. మనవాళ్లు గ్రీన్ కార్డ్ రాగానే బస్సంత కారు కొని, అందులో వెళ్లి పాలు తెచ్చుకుంటారు.

"ఈమధ్య అందరూ మళ్లీ చిన్న కార్లే అడుగుతున్నారు సార్. పెట్రోలు రేట్లు అలా ఉన్నాయి మరి," అన్నాడు మాట కలపడానికి.

రఘువీర్ పెట్రోలు ఊసెత్తలేదు. సుధ రెండేళ్లుగా స్టీరింగ్ ముట్టలేదని, ముందు పిల్లాడు నిలబడితే కనిపించే కారైతేనే నడుపుతానందని చెప్పాడు. ఇవాళ కుదరకపోతే ఇంక జన్మలో నడపనందట.

"బాబు ఎంతుంటాడు సార్?"

"ముప్పై ఎనిమిది అంగుళాలు. ఈషాన్. కార్లంటే ప్రాణం వాడికి."

పాత కారు సంగతి అడిగితే, పెద్దదేననీ, నలభై మైళ్లు తిరగ్గానే అమ్మేశామనీ అన్నాడు. డబ్బున్నవాళ్ల తిక్క అనుకున్నాడు గోపాల్.

వరసలో ఆఖరిది అన్నిటికన్నా చిన్నది. రఘువీర్ దాని ముందు కూర్చున్నాడు. అద్దం వెనక నుంచి సుధ చాలాసేపు చూసింది.

"నుదురు కనిపిస్తోంది," అంది. రఘువీర్ అక్కడే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

కాగితాల పని గంటలో అయిపోయింది. కారు బయటికి తెచ్చి పెట్టారు. సుధ ఎక్కి ఇంజిన్ స్టార్ట్ చేసింది. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుంది.

అంతలో గోపాల్ పరుగున వచ్చాడు. తెలుగు కస్టమర్ల కోసం ఆఫీసు ఫ్రిజ్‌లో నిమ్మకాయలు ఎప్పుడూ ఉంచుతాడు. ముందు చక్రాల కింద చెరొకటి పెట్టాడు.

"వీటిని తొక్కించి పోనివ్వండి మేడమ్, దిష్టి పోతుంది."

ఒకటి కాస్త పక్కకి దొర్లింది. సరిగ్గా పెడదామని వంగాడు.

సుధ ఇంజిన్ ఆపేసింది. కారు దిగి, తాళాలు గోపాల్ చేతిలో పెట్టి, రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయింది.

రెండేళ్ల క్రితం గుడి పార్కింగ్ లాట్‌లో, కొత్త కారుకి పూజ ముగించి పంతులుగారు సుధని పోనివ్వమన్న క్షణంలోనే, దొర్లిన నిమ్మకాయను సరిగ్గా పెడదామని ఈషాన్ కూడా అలాగే వంగాడు.